వేలిముద్ర, నంబర్ ప్యాడ్ రెండూ ఉన్న వైర్‌లెస్ కీబోర్డు: ఎంపిక నుంచి అమరిక దాకా

వైర్ ఉండకూడదు. వేలు పెడితే కంప్యూటర్ తెరుచుకోవాలి. కుడిపక్క అంకెల మీటలు పూర్తిగా ఉండాలి. ఈ మూడూ ఒక్క కీబోర్డులో కావాలని బజారుకు వెళితే దొరికేవి చాలా తక్కువ. వాటిలోనూ సగం మీ కంప్యూటర్‌తో పని చేయకపోవచ్చు. ఎందుకంటే వేలిముద్రను గుర్తించడం కీబోర్డు ఒంటరిగా చేసే పని కాదు. సెన్సర్ గీతలను చదువుతుంది, కంప్యూటర్ ఆ సెన్సర్‌ను నమ్మాలి, ఆపరేటింగ్ సిస్టమ్ తలుపు తీయాలి. ఈ మూడింటిలో ఒక్కటి కుదరకపోయినా చేతిలో మిగిలేది ఖరీదైన మామూలు కీబోర్డే. అందుకే ఎంపికను కీబోర్డుతో కాకుండా మీ బల్ల మీద ఉన్న కంప్యూటర్‌తో మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: అసలు అవసరమా?

మీది వేలిముద్ర సెన్సర్ ఉన్న ల్యాప్‌టాప్ అయి, మూత తెరిచే వాడుతుంటే కీబోర్డులో రెండో సెన్సర్ అక్కర్లేదు. నంబర్ ప్యాడ్ ఉన్న మంచి వైర్‌లెస్ కీబోర్డు చాలు, డబ్బు మిగులుతుంది. ల్యాప్‌టాప్ మూత మూసి పెద్ద మానిటర్‌కు తగిలించి వాడేవాళ్లకూ, డెస్క్‌టాప్ వాళ్లకూ, మ్యాక్ మినీ, ఐమ్యాక్ వాళ్లకూ ఈ కీబోర్డు నిజంగా ఉపయోగం. రోజుకు పాతికసార్లు లేచి వచ్చి పాస్‌వర్డ్ కొట్టే అకౌంటెంట్‌కూ, కౌంటర్ మీద అందరి కళ్ల ముందు పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చే దుకాణదారుకూ ఇంకా ఎక్కువ.

మీసేవ కేంద్రాలు, బ్యాంకింగ్ కరస్పాండెంట్లు తరచుగా అడిగే సంగతి ఒకటుంది. ఈ సెన్సర్‌తో ఆధార్ వేలిముద్ర తీసుకోవచ్చా? కుదరదు. ఆధార్ ధ్రువీకరణకు ఆధార్ సంస్థ యూఐడీఏఐ ఆమోదం ఉన్న రిజిస్టర్డ్ పరికరం, దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. కీబోర్డులోని సెన్సర్ మీ కంప్యూటర్ తాళం తీయడానికే. జీఎస్టీ సంతకానికి వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కు కూడా ఇది బదులు కాదు.

రెండో అడుగు: మీ కంప్యూటర్ ఏది?

మ్యాక్ అయితే దారి సూటిగా ఉంటుంది. ఎడమ పైమూలన ఆపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ తెరవండి. అక్కడ చిప్ అని ఉండి పక్కన ఆపిల్ ఎం1, ఎం2, ఎం3, ఎం4 లాంటిది కనిపిస్తే ఆపిల్ సొంత మ్యాజిక్ కీబోర్డు విత్ టచ్ ఐడీ అండ్ న్యూమరిక్ కీప్యాడ్ మీకు పని చేస్తుంది. ప్రాసెసర్ అని ఉండి ఇంటెల్ పేరు కనిపిస్తే ఆగిపోండి. ఇంటెల్ మ్యాక్‌లో ఆ కీబోర్డుతో టైపు చేయవచ్చు గానీ వేలిముద్ర పని చేయదు. ఐప్యాడ్‌తోనూ, విండోస్ కంప్యూటర్‌తోనూ అంతే.

ఈ కీబోర్డు 2021లో వచ్చింది. అప్పట్లో లైట్నింగ్ పోర్టు ఉండేది, 2024 అక్టోబరులో యూఎస్‌బీ-సీకి మారింది. యూఎస్‌బీ-సీ మోడల్ కొనేటప్పుడు పెట్టె మీద అడిగిన మ్యాక్‌ఓఎస్ వెర్షన్, మీ మ్యాక్‌లో ఉన్న వెర్షన్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాత మ్యాక్‌ఓఎస్‌నే అట్టిపెట్టుకున్న ఆఫీసుల్లో చిక్కు ఇక్కడే వస్తుంది.

విండోస్ అయితే కొంచెం ఓపిక కావాలి. విండోస్ హలో అనే ఏర్పాటు వేలిముద్రను గుర్తిస్తుంది. దానికి సరిపోయే డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్న సెన్సర్ అయితేనే లెక్కలోకి వస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు విండోస్ 11ను దృష్టిలో పెట్టుకోవడమే మంచిది.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లను తికమక పెట్టేది ఎన్‌హాన్స్‌డ్ సైన్-ఇన్ సెక్యూరిటీ అనే విండోస్ అదనపు రక్షణ. ఏఐ పనుల కోసం కోపైలట్ ప్లస్ పీసీ అన్న పేరుతో అమ్మే కంప్యూటర్లలో ఇది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. లోపల అమర్చిన సెన్సర్‌ను నమ్మి, బయటి నుంచి తగిలించిన మామూలు సెన్సర్‌ను పక్కన పెడుతుంది. కీబోర్డు బాగానే ఉంటుంది, డ్రైవరూ ఎక్కుతుంది, వేలు మాత్రం నమోదు కాదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్ తెరిచి కిందికి జరిపితే బయటి కెమెరా లేదా ఫింగర్‌ప్రింట్ రీడర్‌తో సైన్ ఇన్ అయ్యే మీట కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే బయటి సెన్సర్‌కు దారి దొరుకుతుంది, అదే సమయంలో ఆ అదనపు రక్షణ ఆగిపోతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు పర్వాలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ విభాగాన్ని అడగకుండా ముట్టుకోవద్దు.

లినక్స్‌లో ఎల్ఐబీఎఫ్‌ప్రింట్ అనే లైబ్రరీ మద్దతిచ్చే సెన్సర్లకే పని. ఆ జాబితాలో మీ సెన్సర్ చిప్ ఉందో లేదో చూడకుండా కొనవద్దు.

మూడో అడుగు: వైర్‌లెస్ ఫింగర్‌ప్రింట్ అన్న మాట వెనక ఏముందో తెలుసుకోండి

పెట్టె మీద ఈ మాట ఒకటే అయినా లోపల జరిగేది మూడు రకాలు.

మొదటి రకంలో వేలిముద్ర సమాచారం కూడా గాలిలోనే, రహస్య సంకేతంగా మారి వెళుతుంది. మ్యాజిక్ కీబోర్డు ఈ రకం. సెన్సర్ కీబోర్డులో ఉంటుంది, ముద్రను పోల్చి చూసేది మాత్రం మ్యాక్ లోపలి సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భద్రతా భాగం. పోల్చడానికి దాచుకునే ముద్రల మూసలు కీబోర్డులో ఉండవు. మైక్రోసాఫ్ట్ 2017లో 129.99 డాలర్లకు తెచ్చిన మోడర్న్ కీబోర్డు విత్ ఫింగర్‌ప్రింట్ ఐడీ విండోస్ వైపు పేరు తెచ్చుకుంది. నంబర్ ప్యాడ్ ఉంది, బ్లూటూత్ ఉంది, కుడి ఆల్ట్‌కూ కంట్రోల్‌కూ మధ్య మామూలు మీటలా కనిపించే దాంట్లో సెన్సర్ దాచారు. మైక్రోసాఫ్ట్ 2023లో తన పేరుతో ఇలాంటి ఉపకరణాల తయారీ మానేసింది. ఇప్పుడు ఆ కీబోర్డు ఎక్కడైనా దొరికితే పాత సరుకో, వాడినదో అనుకోవాలి. లోపలి బ్యాటరీకి వయసు మీద పడి ఉంటుంది కాబట్టి కొత్తదాని ధర పెట్టవద్దు.

రెండో రకంలో టైపింగ్ గాలిలో, వేలిముద్ర మాత్రం కేబుల్ తగిలించినప్పుడే. విండోస్‌లో వేలిముద్ర డ్రైవర్లు ఎక్కువగా యూఎస్‌బీ పరికరాల కోసం రాసినవి. మామూలు బ్లూటూత్ కీబోర్డు మాట్లాడే భాషలో మీటలు నొక్కిన సంగతి చెప్పడానికి చోటు ఉంది, వేలిముద్ర పంపడానికి లేదు. అందుకే కొందరు తయారీదారులు ఈ దారి పడతారు. పెట్టె వెనక సన్న అక్షరాల్లో వేలిముద్ర వైర్డ్ మోడ్‌లో మాత్రమే అని ఉంటుంది. అది చదవకుండా కొంటే రోజంతా వైరు తగిలించే ఉంచాలి.

మూడో రకం నుంచి దూరంగా ఉండండి. ఇందులో కీబోర్డే మీ పాస్‌వర్డును దాచుకుంటుంది. వేలు కుదిరితే ఆ పాస్‌వర్డును మీ బదులు టైపు చేసేస్తుంది. కంప్యూటర్‌కు వేలిముద్ర సంగతే తెలియదు. అన్ని కంప్యూటర్లలోనూ డ్రైవర్ లేకుండా పని చేస్తుందని గొప్పగా రాసి ఉంటే అనుమానించండి. కర్సర్ వేరే చోట ఉంటే మీ పాస్‌వర్డ్ వాట్సప్ కిటికీలో టైపు అయిపోతుంది. కీబోర్డు పోతే పాస్‌వర్డూ దానితోనే పోతుంది.

విండోస్‌లో తేల్చుకోవడం తేలిక. కీబోర్డు కలిపాక స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. బయోమెట్రిక్ డివైసెస్ అనే వరస కనిపించి అందులో సెన్సర్ పేరు ఉంటే అది విండోస్ హలోకు చెందినదే. ఇప్పుడు కేబుల్ తీసేయండి. ఆ వరస అక్కడే ఉంటే వేలిముద్ర కూడా వైర్‌లెస్సే, మాయమైతే రెండో రకం. మొదటి నుంచీ వరసే లేదంటే, పాస్‌వర్డ్ మాత్రం తనంతట తానే పడుతోందంటే మూడో రకం. దుకాణంలో ఈ పరీక్ష చేయనిస్తే అక్కడే చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపల, మొదటి రోజే చేయండి.

నాలుగో అడుగు: నంబర్ ప్యాడ్‌ను చేత్తో పరీక్షించండి

చాలామంది వేలిముద్ర మెరుపు చూసి నంబర్ ప్యాడ్‌ను పట్టించుకోరు. రోజూ రెండు వందల బిల్లులు ఎక్కించే మనిషికి ఎనిమిది గంటలూ పని చేసేది నంబర్ ప్యాడే, వేలిముద్ర పని రెండు క్షణాలు.

పూర్తి సైజు నంబర్ ప్యాడ్‌లో సున్నా రెండు మీటల వెడల్పు ఉంటుంది, ప్లస్, ఎంటర్ రెండు మీటల పొడవు ఉంటాయి. 96 శాతం లేఅవుట్ అని అమ్మే కుదించిన కీబోర్డుల్లో సున్నాను ఒక్క మీటకు తగ్గించి, దాని పక్కకే కుడి బాణం గుర్తును నెట్టుకొస్తారు. బొటనవేలితో సున్నా కొట్టే అలవాటున్నవాళ్లు బాణం నొక్కేస్తారు, కర్సర్ పక్క గడిలోకి పోతుంది, 500 కాస్తా 5 అవుతుంది. బల్ల మీద చోటు చాలకపోతే తప్ప లెక్కల పనికి ఈ లేఅవుట్ వద్దు.

చూసుకోవాల్సినవి ఇవి. 5 మీద చూపుడువేలో మధ్యవేలో తడిమితే తెలిసే చిన్న గీత ఉండాలి. ఒక మీట నడిమి నుంచి పక్క మీట నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్ని చవక రకాల్లో అక్షరాల భాగం సరిగ్గానే ఉండి అంకెల భాగం ఇరుకుగా ఉంటుంది, చిన్న స్కేలుతో అక్కడా కొలవండి. నంబర్ ప్యాడ్‌లో అంకెలు పడేలా చేసే నమ్‌లాక్ ఆన్‌లో ఉందో లేదో చెప్పే దీపం ఉందా? బ్యాటరీ ఆదా కోసం చాలా వైర్‌లెస్ కీబోర్డుల్లో అది తీసేస్తారు. అప్పుడు పొద్దున లాగిన్ తెర మీద నంబర్ ప్యాడ్‌తో పిన్ కొడితే ఒక్క అంకె కూడా పడదు, కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. నమ్‌లాక్ ఒకసారి నొక్కితే సరిపోతుంది. మ్యాక్‌లో నమ్‌లాక్ అన్నదే లేదు, ఆ చోట క్లియర్ ఉంటుంది, అంకెలు ఎప్పుడూ అంకెలే.

ట్యాలీ వాడేవాళ్లు ఇంకో రెండు చూడాలి. పైవరస ఎఫ్ మీటలు ఎఫ్ఎన్ నొక్కకుండానే పని చేయాలి. వోచరు మారినప్పుడల్లా ఎఫ్5, ఎఫ్6, ఎఫ్7 కోసం రెండు వేళ్లు వాడితే సాయంత్రానికి చేయి లాగుతుంది. శబ్దం, వెలుతురు మీటలను ఎఫ్ మీటలుగా శాశ్వతంగా మార్చే వీలుందో అడగండి. మ్యాక్‌లో ఇది కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. రెండోది కుడి ఆల్ట్. విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్ పెట్టుకుంటే కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది. చోటు మిగుల్చుకోవడానికి కుడి ఆల్ట్ తీసేసిన కీబోర్డులో ఈ సౌకర్యం పోతుంది.

వెడల్పు సంగతి. మ్యాజిక్ కీబోర్డు నంబర్ ప్యాడ్‌తో కలిపి 41.87 సెంటీమీటర్లు, బరువు 369 గ్రాములు. నంబర్ ప్యాడ్ ఉన్న ఏ కీబోర్డయినా మౌస్‌ను కుడివైపుకు అంతమేర నెడుతుంది. ఎక్కువగా అక్షరాలు టైపు చేస్తూ అంకెలు అప్పుడప్పుడే వాడేవాళ్లకు కుడి భుజం నొప్పి మొదలయ్యేది అక్కడే. కొనేముందు ఒక అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించి బల్ల మీద పెట్టి, పక్కన మౌస్ పెట్టి, ఒక పూట పని చేసి చూడండి.

ఐదో అడుగు: గాలిలో మాట తప్పని కీబోర్డు

బ్లూటూత్‌కు అదనపు రిసీవర్ అక్కర్లేదు. కొన్ని కీబోర్డులతో వచ్చే డాంగిల్ అనే చిన్న రిసీవర్‌కు ఒక యూఎస్‌బీ పోర్టు ఇవ్వాలి, అయితే విండోస్ ఇంకా తెరుచుకోకముందే, అంటే బయాస్ తెరలోనూ, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ పిన్ అడిగే చోటా అది పని చేస్తుంది. విండోస్ కంప్యూటర్లో చాలాసార్లు బ్లూటూత్ కీబోర్డు అక్కడ మూగదైపోతుంది. అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఉన్నవాళ్లు ఒక చవక వైర్డ్ కీబోర్డును బీరువాలో ఉంచుకోవడం మంచిది.

డాంగిల్‌ను వెనకవైపు, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పక్కన పెట్టకండి. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా డాంగిల్ పని చేసే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. 2012లో ఇంటెల్ దీని మీద వివరంగా ఒక పత్రమే వెలువరించింది. అక్షరాలు ఆగి ఆగి పడటం, ఒకే అంకె రెండుసార్లు రావడం మొదలైతే ముందు డాంగిల్‌ను ముందు పోర్టుకు మార్చండి, లేదా ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కీబోర్డు దగ్గరికి తెచ్చిపెట్టండి. చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

లెక్కల పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం వేరొకటి ఉంది. బ్యాటరీ కోసం వైర్‌లెస్ కీబోర్డు కాసేపు ఖాళీగా ఉంటే నిద్రపోతుంది. కొన్ని కీబోర్డులు మొదటి మీటతో లేస్తాయి గానీ ఆ మీటను కంప్యూటర్‌కు చెప్పవు. ఫోన్ మాట్లాడి వచ్చి 1250 కొడతారు, తెర మీద 250 పడుతుంది. అది తప్పులా కనిపించదు, మామూలు అంకెలాగే ఉంటుంది, నెలాఖరులో పద్దు తేలనప్పుడు గానీ బయటపడదు. పరీక్ష తేలిక: నోట్‌ప్యాడ్ తెరిచి పెట్టి, కీబోర్డును అరగంట ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత వేగంగా 98765 కొట్టండి. తొమ్మిది పడిందా? ఇలా మూడుసార్లు చూడండి. ఒక్కసారి తప్పినా, లెక్కల కోసమైతే ఆ కీబోర్డు వాపసు ఇచ్చేయండి.

ఆరో అడుగు: మ్యాక్‌లో అమర్చడం

కీబోర్డు వెనక అంచున ఉన్న స్విచ్ జరిపితే పచ్చరంగు కనిపిస్తుంది. పెట్టెలో వచ్చిన కేబుల్‌తోనే మ్యాక్‌కు కలపండి, బ్లూటూత్ జత దానంతట అదే కుదురుతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో టచ్ ఐడీ అండ్ పాస్‌వర్డ్ తెరిచి యాడ్ ఫింగర్‌ప్రింట్ నొక్కండి. పవర్ బటన్ రెండుసార్లు నొక్కమని అడిగితే అది కీబోర్డు మీదిది కాదు, మ్యాక్ మీదిది. మీరు ఆ యంత్రం ముందే ఉన్నారని రుజువు చేసుకోవడం దాని ఉద్దేశం. 2024 మ్యాక్ మినీలో ఆ బటన్ అడుగున, వెనక మూలన ఉంటుంది. ఒక మూల కొంచెం ఎత్తి వేలు పెట్టాలి.

ఒక ఖాతాలో మూడు వేళ్లు, మొత్తం మ్యాక్‌లో ఐదు వేళ్ల దాకా నమోదు చేయవచ్చు. భార్యాభర్తలు వేరువేరు ఖాతాలతో ఒకే మ్యాక్ వాడితే ఒకరికి మూడు, ఇంకొకరికి రెండు అని ముందే పంచుకోండి. సెన్సర్ కుడి పైమూలన, నంబర్ ప్యాడ్ పైన ఉంటుంది. కుడి చూపుడువేలు తప్పకుండా పెట్టండి. ఎడమ చేత్తో ఫైలు పట్టుకునేవాళ్లకు అదే అందుతుంది, కుడి చేత్తో టీ గ్లాసు పట్టుకునేవాళ్ల కోసం ఎడమ చూపుడువేలు కూడా ఒకటి.

రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి, 48 గంటలు తెరవకుండా ఉంచాక, వరసగా ఐదుసార్లు వేలు కుదరకపోయినా పాస్‌వర్డే కొట్టాలి. ఇది లోపం కాదు, నియమం. కాబట్టి పాస్‌వర్డ్ మర్చిపోయే వీలు ఎప్పటికీ లేదు.

ఒక కీబోర్డు వేలిముద్ర ఒకసారికి ఒక్క మ్యాక్‌తోనే భద్రంగా జతపడుతుంది. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి మ్యాక్ ఉండి ఒకే కీబోర్డు మోసుకెళ్లాలనుకునేవాళ్లు ప్రతిసారీ మళ్లీ జత కుదుర్చుకోవాలి. విసుగు పుడుతుంది. దీనికి తిరగేసినది మాత్రం కుదురుతుంది: ఒక మ్యాక్ ఐదు కీబోర్డుల దాకా గుర్తుపెట్టుకుంటుంది.

విండోస్‌లో అమర్చడం

ముందు తయారీదారు సైటు నుంచి డ్రైవర్ ఎక్కించి రీస్టార్ట్ చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో మొదట పిన్ పెట్టుకోండి. పిన్ లేకుండా వేలిముద్ర నమోదుకు ఒప్పుకోదు. తర్వాత ఫింగర్‌ప్రింట్ రికగ్నిషన్‌లో సెటప్ నొక్కి వేలిని పదేపదే పెట్టండి.

నమోదులోనే పని చెడుతుంది లేదా కుదురుతుంది. అందరూ వేలి కొనను నిట్టనిలువుగా పెట్టి నమోదు చేస్తారు, రోజూ వాడేటప్పుడు మాత్రం చేయి పక్కకు వాలి వేలి అంచు తగులుతుంది. కాబట్టి కుర్చీలో మామూలుగా కూర్చుని, కీబోర్డు ఎప్పుడూ ఉండే చోటే ఉంచి, చేయి మామూలుగా చాచినప్పుడు ఎలా పడుతుందో అలాగే పెట్టండి. అంచులు అడిగినప్పుడు ఎడమకూ కుడికీ నిజంగానే వాల్చండి.

వేలు చదవకపోతే

ఈ సెన్సర్లు ఎక్కువగా కెపాసిటివ్ రకం. వేలి గీత ఎత్తుగా ఉన్న చోటికీ, లోతుగా ఉన్న చోటికీ విద్యుత్తు నిల్వలో వచ్చే తేడాను కొలుస్తాయి. తడి ఆ తేడాను చెరిపేస్తుంది, మరీ పొడిబారిన చర్మం తగినంత తేడా చూపదు. అంట్లు తోమి వచ్చిన వేలు, చేయి కడిగి తుడుచుకోని వేలు, తలకు నూనె రాసుకున్న వేలు కుదరకపోవడానికి కారణం ఇదే. శుభ్రంగా తుడుచుకుని రెండు నిమిషాలు ఆగండి. చలికాలంలో పొడిబారితే కొంచెం చేతి క్రీము రాసి, ఇంకిపోయాక పెట్టండి. గోరింటాకు పండిన ఎరుపు అడ్డు కాదు, పైన ఎండి అంటుకున్న పొట్టు అడ్డు. సిమెంటు పని, సబ్బునీటి పని చేసి గీతలు అరిగినవాళ్లకు చూపుడువేలికన్నా ఉంగరపు వేలు బాగా కుదరవచ్చు, దానికి అరుగుదల తక్కువ. నాలుగు వేళ్లూ ప్రయత్నించి బాగా చదివినదాన్నే ఉంచుకోండి.

నిన్నటిదాకా పని చేసి, కంప్యూటర్ నిద్ర లేచాక విండోస్‌లో సెన్సర్ కనిపించకపోతే, డివైస్ మేనేజర్‌లో సెన్సర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ చూడండి. విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న చోట టిక్కు తీసేయండి. వేలిముద్ర ఎంపికే బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే ఆఫీసు విధానం అడ్డుపడుతూ ఉండవచ్చు, లేదా పైన చెప్పిన అదనపు రక్షణ కావచ్చు.

సెన్సర్‌ను పొడి మెత్తని గుడ్డతో తుడవండి. గోళ్ల రంగు తుడిచే ద్రావకం దానిమీద పడకూడదు.

భద్రత ఎంత?

2023లో మైక్రోసాఫ్ట్ కోరిక మీద బ్లాక్‌వింగ్ ఇంటెలిజెన్స్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు మూడు యంత్రాల్లో విండోస్ హలో వేలిముద్రను దాటి చూపించారు. వాటిలో ఒకటి మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ ప్రో, దాని సెన్సర్ ఊడదీసే కీబోర్డులోనే ఉంది. వేలిముద్రను ఎవరూ నకలు చేయలేదు. ఆ సర్ఫేస్‌లో సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దారికి తాళం లేకపోవడంతో, వేరే యూఎస్‌బీ పరికరం తానే సెన్సరునని చెప్పుకోగలిగింది. ఆ దాడికి యంత్రం చేతిలో ఉండాలి, ఇంట్లో వాడేవాళ్లు బెంబేలు పడనక్కర్లేదు. కానీ పేరు తెలియని తయారీదారు సెన్సర్ ఎందుకు వద్దో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఎస్‌డీసీపీ అనే భద్రమైన అనుసంధానం ఉందని వివరాల్లో రాసినదానికి మొగ్గు చూపండి.

కీబోర్డుకూ అప్‌డేట్లు ఉంటాయి. బ్లూటూత్ లోపాన్ని సరిదిద్దడానికి ఆపిల్ 2024 జనవరిలో మ్యాజిక్ కీబోర్డుకు 2.0.6 ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. మ్యాక్‌కు కలిపి ఉంచితే అది దానంతట అదే ఎక్కుతుంది. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కీబోర్డు పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కి వెర్షన్ చూసుకోవచ్చు.

కొనే చోట

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు చూడండి. వైర్‌లెస్ కీబోర్డులకు ఈ నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

వాడినది కొంటుంటే మోడల్ నంబరు కీబోర్డు అడుగున చదవండి. ఏ1843 అంటే నంబర్ ప్యాడ్ ఉన్న పాత మ్యాజిక్ కీబోర్డు, దానికి టచ్ ఐడీ లేదు. ఏ2520 అంటే రెండూ ఉన్న లైట్నింగ్ మోడల్. ఏ2449కు టచ్ ఐడీ ఉంది, నంబర్ ప్యాడ్ లేదు. ఫొటోలో పైనుంచి చూస్తే మొదటి రెండూ ఒకేలా అనిపిస్తాయి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే లేఅవుట్ ఇక్కడిదే కాబట్టి ఇబ్బంది లేదు. అక్కడ తెల్ల మీటలది 179 డాలర్లకూ, నల్ల మీటలది 199 డాలర్లకూ పెట్టారు, పైన పన్ను ఉంటుంది. లండన్ నుంచి తెప్పిస్తే జాగ్రత్త: బ్రిటిష్ లేఅవుట్‌లో ఎంటర్ ఆకారం వేరు, ఎడమ షిఫ్ట్ చిన్నది, కొన్ని గుర్తుల చోట్లూ మారతాయి. మీట మీద ఒకటి ఉంటే తెర మీద ఇంకోటి పడుతుంది.

బ్యాటరీ విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. మీటల కింద వెలుగు లేని కీబోర్డు ఒక్క చార్జింగ్‌తో వారాల తరబడి వస్తుంది. మ్యాజిక్ కీబోర్డుకు ఆపిల్ చెప్పేది నెల లేదా అంతకన్నా ఎక్కువ. వెలుగు ఉంటే ఆ లెక్క బాగా తగ్గుతుంది. చార్జింగ్ పెట్టిన సమయంలో టైపు చేయనిస్తుందో లేదో మాత్రం అడగండి.

మూడూ ఒక్కదాంట్లో దొరక్కపోతే

విండోస్ డెస్క్‌టాప్ వాళ్లకు నిజంగా మంచి దారి చాలాసార్లు ఇదే: వేళ్లకు నచ్చిన, పూర్తి నంబర్ ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డు ఒకటి, విండోస్ హలో యూఎస్‌బీ వేలిముద్ర సెన్సర్ ఒకటి విడివిడిగా. సెన్సర్‌ను ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో తెచ్చి కీబోర్డు కుడి పైమూల పక్కన బల్లకు డబుల్ టేప్‌తో అంటించండి. పైన చూపిన డివైస్ మేనేజర్ పరీక్ష దీనికీ వర్తిస్తుంది. రెండింట్లో ఒకటి చెడినా రెండోది మిగులుతుంది. ఇంటెల్ మ్యాక్ వాళ్లకు ఆపిల్ వాచ్ చేతికుంటే, దానితో మ్యాక్ తెరుచుకునే ఏర్పాటు వేలిముద్రకు దగ్గరి ప్రత్యామ్నాయం.

కీబోర్డు ఎవరికైనా ఇచ్చేటప్పుడు విండోస్‌లో ముందు వేలిముద్రలు సైన్-ఇన్ ఆప్షన్స్ నుంచి తీసేయండి, ఆ తర్వాతే ఊడదీయండి. పోలికను చిప్‌లోనే చేసే సెన్సర్లలో మీ మూసలు సెన్సర్ లోపలే ఉంటాయి, వైరు పీకేశాక తుడవడానికి దారి ఉండదు. మ్యాజిక్ కీబోర్డు ఇచ్చేటప్పుడు బ్లూటూత్ జాబితాలో దాన్ని మర్చిపొమ్మంటే చాలు, ముద్రలు మీ మ్యాక్‌లోనే ఉండిపోతాయి.